రాజుకు డ్యూటీ వేసిన గోడ

నా బొమ్మల చరిత్ర ఏడో తరగతిలోనే ముగిసింది. పరీక్షలో ఆవును గీయమంటే గీశాను. సారు కాగితాన్ని ఇటు తిప్పాడు, అటు తిప్పాడు. "కుర్చీ మంచిగనే వచ్చింది గనీ, ఒక కాలు పొట్టిగైంది రా" అన్నాడు. ఆ ఏడాదే చదువుకూ నాకూ చెడింది. అటువంటి నేను, ఆర్మూర్ దిక్కోణ్ణి, ఖతార్‌లో, సముద్రం ఒడ్డున ఒక పెద్ద హోటల్లో, రోము రాజుగారి విందు బొమ్మకు రంగు వేశానంటే మా ఇంట్లోనే ఎవరూ నమ్మరు. నోటితో చెబితే మధ్యలో లేచిపోతున్నారు. అందుకే రాస్తున్నాను. కాగితం లేచిపోదు కదా.

గల్ఫు పోదామనుకునే తమ్ముళ్ళకు ముందే ఒక ముక్క చెప్పాలి. వీసా మీద పెయింటర్ అని ఉంటే కుంచె, రంగుల పళ్ళెం ఊహించుకోకండి. కంపెనీ పెయింటర్ అంటే లప్పం. గోడకు లప్పం పెట్టాలి, ఎండినాక సాండు పేపరుతో రుద్దాలి, మళ్ళీ పెట్టాలి, మళ్ళీ రుద్దాలి. సాయంత్రం బస్సెక్కేసరికి మావాడు, నేపాలోడు, బంగ్లా వాడు అన్న తేడా ఉండదు. అందరం తెల్లదొరలమే.

అప్పుడు దేశమంతా ఒకటే మాట, ఆట వస్తున్నది అని, ఫుట్‌బాల్ ప్రపంచ కప్పు. రోడ్డు తవ్వినా ఆట కోసమే, పూడ్చినా ఆట కోసమే. ప్రపంచం నుంచి జనం దిగుతారు, వాళ్ళకు పడుకోను మంచాలు కావాలి, తినను బల్లలు కావాలి. మా హోటలు అందుకే లేస్తున్నది. పొద్దున లేస్తే యల్లా, అంటే పదండి పదండి అని, పడుకునే ముందు యల్లా. ఊళ్ళో మా అమ్మకు మాత్రం ఇదంతా దుబాయే. "దుబాయ్ల బాల్ ఆడుతరట గదా, నువ్వు గూడ ఆడుతవా?" అని ఫోన్లో అడిగింది. "గోల్ పోస్టుకు లప్పం పెడ్తున్ననే" అన్నాను. నమ్మి సంతోషపడింది.

మా బ్యాచ్‌లో అసలైన పెయింటర్ ఒక్కడే. జగిత్యాల దిక్కు మనిషి, నాకంటే పెద్దవాడు, అన్నా అని పిలిచేవాణ్ణి. ఇక్కడికి రాకముందు దుకాణాల బోర్డులు రాశాడు, లారీల వెనక గులాబీలు, గద్దలు వేశాడు, సినిమా హాళ్ళ ముందు తాటిచెట్టంత కటౌట్లు నిలబెట్టాడు. తర్వాత వాళ్ళ బస్టాండు పక్కన ఫ్లెక్సు మిషను దిగింది. అంతే, ఆ చేతికి పని ఆగిపోయింది. ఖతార్ వచ్చి ఏళ్ళ తరబడి లప్పం పెట్టాడు. బిర్కత్ అల్ అవామిర్‌లో మా క్యాంపు గదుల తలుపుల మీద పేర్లన్నీ ఆయన రాసినవే. బాత్రూముకు దారి చూపే బాణం గుర్తు కూడా ఎంత సొగసుగా ఉండేదంటే, అవసరం లేకపోయినా ఒకసారి పోయి రావాలనిపించేది.

లప్పానికి మనుషులు ఎక్కువయ్యారని, కొందరిని ఇంటికి పంపుతారని అప్పటికే మాట తిరుగుతోంది. అన్నకు వీసా గడువు దగ్గర పడింది. "ఇంటికి పోతే ఏమున్నది తమ్మీ. గా ఫ్లెక్సు షాపులనే కూసోని ఫ్లెక్సులు మడత పెట్టాలె" అనేవాడు. అదొక్కటి తలుచుకుంటే ఆయన అన్నం సగంలో ఆగేది.

ఇక గోడ దగ్గరికి వస్తాను. భోజనాల హాలుకు పోయే దారిలో పొడుగాటి గోడ. డిజైనర్ మేడం లండన్ నుంచి వచ్చిన మనిషి. ఆ గోడకు పెద్ద బొమ్మ ప్రింటు తెప్పించి అంటింపజేసింది. ఏసీ ఇంకా నడవని బిల్డింగు, బయట సముద్రపు ఉక్కపోత. ప్రింటు రెండు రోజులు కుదురుగా ఉండి, తర్వాత పూరీలా పొంగింది. అతుకు కాడ ఒక అమ్మాయి ముక్కు రెండు ముక్కలైంది. ఆపైన పై నుంచి ఊడి దబ్బుమని పడింది. మేడం తల పట్టుకుంది. నేను మాత్రం అన్న మొహమే చూస్తున్నాను. ఊళ్ళో తన పొట్ట కొట్టిన ప్రింటు పరాయి దేశంలో తన కాళ్ళ ముందు ఊడిపడితే ఏ మనిషి మొహమైనా అట్లాగే వెలుగుతుంది.

నా నోరు ఊరుకోదు కదా. నాకు వచ్చిన ఇంగ్లీషంతా కూడగట్టి, "మేడం! దిస్ మ్యాన్ హ్యాండ్ ప్రింటర్. నో బబుల్!" అన్నాను. నవ్వు కోసం అన్న మాట. మా ఫోర్‌మన్ గోదావరి మనిషి, పరువు కోసం ప్రాణమిచ్చే రకం. "ఒరేయ్, నీ నోటికి తాపీతో లప్పం పెట్టేస్తానొరేయ్" అని పళ్ళు నూరాడు. మేడం మాత్రం నవ్వలేదు. అన్న చేతికి ఒక ప్లైవుడ్ ముక్క ఇచ్చి, చూపించు అన్నట్టు చేయి ఊపింది.

అన్న లప్పం చేతులు ప్యాంటుకు తుడుచుకున్నాడు. బ్రష్షుకు ఒక పక్క ముదురు రంగు, ఒక పక్క లేత రంగు అద్ది, ఒత్తి, మణికట్టు ఒక తిప్పు తిప్పాడు. రేకు. ఇంకో తిప్పు, ఇంకో రేకు. చూస్తుండగానే లారీ వెనక గులాబీ ప్లైవుడ్ మీద విచ్చుకుంది. మేడం ఆ ముక్కను చంకలో పెట్టుకుని ఆఫీసుకు వెళ్ళిపోయింది.

సాయంత్రం ఫోర్‌మన్ వచ్చి చెప్పాడు. "ఇదిగో బాబూ, చేత్తోనే వెయ్యమన్నారు. గోడ పాసైందా, పైనున్న అంతస్తుల గోడలన్నీ ఈయనకే. ఆర్టిస్టుగా పేపర్లు మార్చి ఉంచేస్తారు. పాస్ కాలేదా, గోడకి తెల్ల రంగు, ఈయనకి తెల్ల విమానం. ఆయ్, అంతే మరి."

మరునాడు మేడం బొమ్మ చూపించింది. ఒకటి కాదు, అదే తీరువి చాలా ఉన్నాయి ఆమె దగ్గర. మన దేశం మీద రాణిగారి పెత్తనం సాగినప్పుడు ఇంగ్లండు పెయింటర్లు వేసినవట. చూస్తే ఒక్కటీ ఇంగ్లండు బొమ్మ కాదు. అన్నీ రెండు వేల ఏళ్ళ కిందటి రోము, గ్రీసు. చలువరాతి మెట్లు, వెనక నీలి సముద్రం, ఎక్కడ చూసినా పూలు. ఆ రాళ్ళు ఎట్లా వేశారంటే, పక్కన నిలబడ్డ మా టైల్స్ మేస్త్రి జాయింట్లు సరిగ్గా ఉన్నాయా లేవా అని దగ్గరికి వంగి చూశాడు. ఇక మనుషులు. ఒకరు మెట్ల మీద ఒరిగారు, ఒకరు పులితోలు మీద పడుకున్నారు, ఒకరు పువ్వు వాసన చూస్తున్నారు. ఒక్కరికీ డ్యూటీ లేదు. మా సైటులో అట్లా ఒరిగితే సేఫ్టీ వాడు ఫోటో తీసి గోడకు అంటిస్తాడు. వీళ్ళనూ ఫోటో తీసినట్టే వేసి గోడకు అంటించారు గానీ, దాన్ని కళ అన్నారు.

మా గోడకు ఎంచింది విందు బొమ్మ. ఎత్తు మీద రాజు, ఆయన చుట్టూ కావలసినవాళ్ళు, వెండి గిన్నెలు. కింద అతిథులు దిండ్ల మీద పడుకుని ఉన్నారు. పైన కట్టిన గుడ్డ విప్పేస్తే గులాబీ రేకులు వానలా వాళ్ళ మీద పడుతున్నాయి. రాజు చూస్తున్నాడు. మేడం ఇంతే చెప్పింది, రాజుగారి విందు అని. మేమూ అంతకు మించి అడగలేదు. మాకు వచ్చిన అనుమానాలు వేరు. అంత ఎత్తున ఆ గుడ్డ కట్టిన స్కాఫోల్డింగ్ వాడు బొమ్మలో ఎక్కడ? తెల్లారి ఆ రేకులన్నీ ఊడ్చేవాడు ఎక్కడ? వెతికాం. ఇద్దరూ లేరు.

పని మొదలైంది. అన్న కటౌట్ల పద్ధతే పట్టాడు. చిన్న బొమ్మ మీద గడులు గీసి, గోడ మీద సుద్ద దారం కొట్టి పెద్ద గడులు వేసి, గడి తర్వాత గడి దింపుకుంటూ పోయాడు. నన్ను సాయానికి పెట్టారు. ఆవు కథ విన్నాక అన్న నాకు మనుషులను అప్పగించలేదు. "నువ్వు రేకులెయ్యి. ఒత్తు, తిప్పు. దానవతల చెయ్యి పెట్టకు" అన్నాడు. నేను ఒత్తాను, తిప్పాను. జీవితంలో ఒక్క బొమ్మ అయినా సరిగ్గా వచ్చిందంటే అది గులాబీ రేకే.

తర్వాత పని చూసి పాస్ చేసే కన్సల్టెంటు వచ్చాడు. ఈజిప్టు పెద్దమనిషి. మర్యాదస్థుడు, కానీ చేతిలో లేజరు లైటు. దాని ఎర్ర చుక్క ఒక అమ్మాయి భుజం మీద ఆగింది. "హాదా, కవర్" అన్నాడు, ఇది కప్పెయ్యి అని. చుక్క ఒక కుర్రాడి ఛాతీ మీదికి పోయింది. కవర్. సారా గిన్నె మీదికి పోయింది. కవర్, కవర్. దేనితో కప్పాలి అని మేడం అడిగితే, ఆయన గోడంతా చూసి, "వర్ద్" అన్నాడు. వర్ద్ అంటే గులాబీ. పని నాకు పడింది. భుజాల మీద రేకులు, ఛాతీల మీద రేకులు, గిన్నెల్లో రేకులు. ఆయన మళ్ళీ వచ్చాడు. చుక్క మోకాళ్ళ మీద ఆగింది. ఇంకోసారి వచ్చాడు, నడుముల మీద ఆగింది. నేను ఒత్తుతూనే ఉన్నాను, తిప్పుతూనే ఉన్నాను. చివరికి కింద పడుకున్నవాళ్ళంతా మెడ దాకా మునిగారు. రాజు ఒక్క గుడ్డతో మొదలుపెట్టిన పనిని నేను పూర్తి చేసినట్టయింది.

ఇక మిగిలింది మొహాలు. అసలు బొమ్మలో వాళ్ళ కళ్ళు మత్తుగా, సగం మూసి ఉంటాయి. అక్కడ అన్న చేయి ఆగిపోయింది. బ్రష్షు నీళ్ళ డబ్బాలో పెట్టి స్టూలు మీద కూర్చున్నాడు.

"ఏమైందే?"

"పండుకున్న మనిషి. మెడ దాంక పూలు. కండ్లు మూసుకున్నడు. దీన్ని మనూర్ల ఏమంటరు రా?"

మా దగ్గర మనిషి మీద పూలు అట్లా పోసేది ఒక్కసారే. ముందు డప్పులు నడుస్తుంటాయి, ఆయన మాత్రం నడవడు.

"బతికున్నోన్ని గట్ల నా చేత్తోని వెయ్య" అన్నాడు అన్న.

"అన్నా, ఆళ్ళెవరో రోమోళ్ళు. ఎప్పుడో పోయిర్రు. మనకెందుకే?"

"బొమ్మల బతికే ఉన్నరు గదా."

ఇక వినలేదు. ఆ వారమంతా నన్ను కింద నిలబెట్టి, మేడం వచ్చినా ఫోర్‌మన్ వచ్చినా దగ్గమని చెప్పి, దగ్గు వినగానే గోడకు పరదా దింపుకుంటూ, తనకు తోచినట్టు వేసుకున్నాడు. మూసిన కళ్ళన్నీ తెరిచాడు. నేను ముంచిన చేతులను పూలలోంచి పైకి తీశాడు. ఒకడు దోసిలి పట్టి రేకులు ఎగరేస్తున్నాడు. ఒక ముసలాయన గడ్డంలో చిక్కిన రేకును ఉఫ్ అని ఊదుతున్నాడు. ఒక అమ్మాయి లేచి కూర్చుని, పక్కనున్న ఇంకో అమ్మాయిని చెయ్యి పట్టి పైకి గుంజుతున్నది. మొహాలైతే రోము మొహాలు కావు. గుంజుతున్న అమ్మాయి అచ్చంగా వాళ్ళ చిన్నక్క అని తర్వాత ఒప్పుకున్నాడు. నేను వారమంతా దగ్గి దగ్గి గొంతు పోగొట్టుకున్నాను. మా ఫోర్‌మన్ జాలిపడి దగ్గు బిళ్ళలు కూడా తెచ్చి ఇచ్చాడు.

ఆ బిళ్ళలు ఇవ్వడానికి వచ్చినప్పుడే గోడ చూశాడు. "ఓరి నాయనో! మేడం ఇచ్చింది ఇది కాదు కదరా! అక్కడ పడుకున్నోళ్ళు ఇక్కడ లేచి కూర్చున్నారేంట్రా?" నేను పడీపడీ నవ్వాను. అన్న నవ్వలేదు. చెరపడానికి టైం లేదు, మర్నాడు ఓనరు వస్తున్నాడు.

అప్పుడే గేటు కాడినుంచి ఓనరుగారి కారు డ్రైవరు మమ్మల్ని వెతుక్కుంటూ వచ్చాడు. కడప మనిషి. టైల్సు నమూనాలు తెచ్చినప్పుడల్లా మాతో చాయ్ తాగి పోయేవాడు. ఇంటి డ్రైవర్లు యజమానిని బాబా అంటారు. "అన్నా, మా బాబా శానా కోపంగా ఉండాడు" అన్నాడు. "ఆయప్ప కూతురు పైదేశంలో చదువుకుంటాంది. కార్లో ఫోన్ చేసి చెప్పింది, ఆ బొమ్మలో రాజు మంచోడు కాదంట. విందుకు పిలిచి, పూలు పోసి పోసి, వచ్చినోళ్ళను ఊపిరాడకుండా సంపినాడంట. అదే ఆ బొమ్మంట. బాబా ఏమన్నాడు తెల్సునా? ప్రపంచమంతా నా ఇంటికి భోజనానికి వస్తాంటే, గుమ్మంలోనే అతిథిని సంపే బొమ్మ పెడ్తారా అన్నాడు. రేపొచ్చి తెల్ల రంగు కొట్టిస్తాడంట."

అతిథి అంటే అక్కడివాళ్ళకు ఎంతో నేను చెప్పనక్కర్లేదు. దారిన పోయే మమ్మల్ని కూడా పిలిచి ఖర్జూరం పెట్టేవాళ్ళు.

అన్న గోడ వంకే చూస్తున్నాడు. "అయితే ఆళ్ళంత సచ్చేటోళ్ళేనా రా?" అని అడిగాడు. బ్రష్షులు కడుగుతూ, "ఫ్లెక్సులు మడత పెట్టుడే ఇగ" అన్నాడు.

మర్నాడు ఓనరు వచ్చాడు. వెంట మేడం, మేనేజరు, కన్సల్టెంటు. వాళ్ళ వెనక ఒక నేపాలీ తమ్ముడు తెల్ల రంగు డబ్బా, రోలరు పట్టుకుని నిలబడ్డాడు, ముందే తెప్పించి పెట్టారు. ఓనరు మేడంను అడిగాడు, వీళ్ళు చనిపోతారా అని. మేడం అబద్ధమాడలేదు. కథ ప్రకారం అవునంది. ఆ కాలం పెయింటర్లకు అంత అందంలో ఒక చుక్క విషం కలిస్తేనే రుచి, అదే దాని గొప్ప అని చెప్పింది. ఆమె మాట ఇంగ్లీషులో సగమే అందింది, మిగతాది తర్వాత మేనేజరును అడిగి తెలుసుకున్నాను. అప్పుడు నాకొకటి తోచింది. తిని తిని, తాగి తాగి, చేయను పని లేక ఆ రాజు పూలతో చంపాడు. మరి ఆ బొమ్మ వేసినాయన కాలంలో, అది కొని ఇంట్లో పెట్టుకున్నాయనకు ఏం తక్కువైందో. ఆయన దేశం మన దేశాన్ని కూడా మెడ దాకా ముంచే పనిలో ఉండె కదా అప్పుడు. పూలతో మాత్రం కాదు.

ఓనరు ఫోను తీసి అసలు బొమ్మను గోడ పక్కన పట్టాడు. ఫోను చూశాడు, గోడ చూశాడు. మళ్ళీ ఫోను, మళ్ళీ గోడ. ఫోన్లో మనుషులు మునుగుతున్నారు. గోడ మీద లేస్తున్నారు.

"ఎవరు మార్చారు?" హిందీలోనే అడిగాడు. అక్కడి పాతతరం వాళ్ళకు మన హిందీ బాగానే వస్తుంది.

మేడం తను కాదంది. కన్సల్టెంటు తన లైటు జేబులో వేసుకున్నాడు. ఫోర్‌మన్ గాలి పీల్చడం మానేశాడు. ఇక నేనే ముందుకు పోయాను. నాకు వచ్చిన అన్ని భాషలూ ఒకేసారి నోట్లోకి వచ్చాయి.

"సాబ్, మౌత్ మాఫీ! కుల్లు నఫర్ జిందా!" చావు లేదు సారూ, అందరూ బతికే ఉన్నారు అని దాని భావం.

"ఎందుకు మార్చారు?"

అన్న తెలుగులో చెప్పాడు, నేను హిందీలో పెట్టాను. పడుకున్న మనిషి మీద పూలు పోస్తే మా దగ్గర అది ఆఖరి ప్రయాణం, వీళ్ళేమో భోజనానికి వచ్చినవాళ్ళు, అందుకే లేపాను అని.

ఓనరు గోడకు దగ్గరగా పోయాడు. చెయ్యి పట్టి గుంజుతున్న అమ్మాయి ముందు చాలాసేపు నిలబడ్డాడు. గడ్డంలో రేకు ఊదుకుంటున్న ముసలాయన దగ్గరికి వచ్చేసరికి ఆయన చెయ్యి తన గడ్డం మీదికి పోయింది. నవ్వాడు. నేపాలీ తమ్ముడు రోలరు కింద పెట్టాడు.

అంతటితో అయిపోలేదు. ఓనరు వేలెత్తి పైన రాజును చూపించాడు. "అతిథులు కింద, ఇంటాయన పైనా? ఇది ఏం మర్యాద? వీణ్ణి దింపు. గహ్వా పోయనీ."

గహ్వా అంటే వాళ్ళ కాఫీ. ఎంత పెద్ద ఇల్లయినా, వచ్చినవాళ్ళకు మర్యాద చేయాలంటే ఇంటాయన కూజా పట్టాల్సిందే. అన్న నా వంక చూశాడు. కళ్ళలో నీళ్ళు, పెదాల మీద నవ్వు. ఆ వారమే రాజును మెట్లు దింపాడు. బంగారు బట్టలు అట్లాగే ఉంచి, సారా కూజాకు పొడుగు ముక్కు తగిలించి గహ్వా కూజా చేశాడు. ఆ ముసలాయన ముందు రాజు నడుం వంచి పోస్తున్నాడు. అన్ని బొమ్మల్లో, అంతమంది దొరల్లో, డ్యూటీ ఎక్కినవాడు ఆయనొక్కడే. మేడం వచ్చి చూసి, లండన్‌లో ఆ పెయింటరు సమాధిలో పక్కకు తిరిగి పడుకుని ఉంటాడంది. "ఆయన్నీ లేపుదామా మేడం?" అని అడిగాను. ఈసారి నవ్వింది.

అన్నకు పేపర్లు మారాయి. పైన అంతస్తుల గోడలన్నీ ఆయనకే వచ్చాయి, తర్వాత వేరే హోటలు వాళ్ళు వచ్చి అడిగి తీసుకుపోయారు. ఆట వచ్చింది, పోయింది. ప్రపంచమంతా ఆ గోడ ముందునుంచే భోజనానికి పోయిందట. కడప డ్రైవరు ఫోటోలు పంపాడు. ఎవరో గొడుగంత టోపీ పెట్టుకున్నతను రాజు కూజా కింద చెయ్యి చాపి ఫోటో దిగాడు.

నేను లప్పం చేతులు కడుక్కుని ఊరికి వచ్చేశాను. అన్న ఇంకా అక్కడే ఉన్నాడు. మొన్న ఫోన్ చేసినప్పుడు అడిగాను, "అన్నా, నిజం చెప్పు. గా గోడ మీద సగానికెక్కువ నా రేకులే గదా? అడిగినోళ్ళకు నా సంగతి గూడ చెప్పరాదే?"

"చెప్తనే ఉన్న తమ్మీ" అన్నాడు. "ఆళ్ళను మెడ దాంక ముంచినోడు ఆర్మూర్ దిక్కోడు, బయటికి తీసినోన్ని నేను అని."